మీ ఊరికి పదేళ్ల ప్లాన్ మీరే రాసుకోవడం ఎలా? అనంతపురం పల్లెల అనుభవంతో

"గ్రామసభ పెడుతున్నారంట, ఏం అడగాలి అన్నా?" ఈ ప్రశ్న నాకు ఏడాదికి పది మందైనా వేస్తారు. కళ్యాణదుర్గం వైపు నుంచి, ఉరవకొండ నుంచి, ఈ మధ్య ఆలూరు, కోసిగి నుంచి కూడా అడుగుతున్నారు. ప్రతిసారీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒకసారి మొత్తం రాస్తే మేలని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఏం అడగాలి అనే ప్రశ్నతో మొదలుపెడితే చివరికి వచ్చేది సిసి రోడ్డు, డ్రైనేజీ, వీధి లైట్లు. అవి అక్కర్లేదని కాదు, కానీ అవన్నీ వేసుకున్నాక కూడా ఊర్లో సగం ఇళ్లకు తాళాలే ఉంటే ఆ రోడ్డు మీద నడిచేదెవరు? అందుకే అడగడానికి ముందు ఒక లెక్క తీయాలి: మా ఊర్లోకి ఏం వస్తోంది, మా ఊరి నుంచి ఏం పోతోంది. డబ్బు, నీళ్లు, మనుషులు, ఈ మూడే. ఈ లెక్క చేతిలో ఉంటే అడగాల్సినవి వాటంతటవే బయటపడతాయి.

ఇది చేసుకునే హక్కు మనకు రాజ్యాంగంలోనే ఉంది. 1992లో చేసిన 73వ సవరణ, 243జి అధికరణం, పంచాయతీలు ఆర్థికాభివృద్ధికి, సామాజిక న్యాయానికి ప్రణాళికలు వేసుకోవచ్చని చెబుతుంది. 11వ షెడ్యూల్‌లో 29 అంశాలు ఉన్నాయి. జీపీడీపీ, అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, దాని నుంచి వచ్చిందే. అది ఏటా తయారవుతుంది. మనం చేసేది పదేళ్ల ప్లాన్. అందులోంచి ఏ ఏడాది ముక్క ఆ ఏడాది జీపీడీపీలో పెట్టాలి. థియరీ ఇంతటితో చాలు.

కావలసినవి

మనుషులు: పన్నెండు నుంచి పదిహేను మంది. ఎవరు ఉండాలో రెండో మెట్టులో చెప్తాను.

వస్తువులు: రెండు కిలోల ముగ్గుపిండి, రంగులు, పది ఛార్టులు, రెండు పొడుగు నోటుబుక్కులు, ముడులు వేసిన పొడవాటి తాడు (బోరు నీటి మట్టం కొలవడానికి), కాసిన్ని చింతపిక్కలు, ఫోటోలకు ఒక ఫోన్.

కాగితాలు: గత మూడేళ్ల జీపీడీపీ, మీ మండలం పదేళ్ల వర్షపాతం, ఊరి విస్తీర్ణం, రైతు సేవా కేంద్రంలో ఉండే పంట నమోదు వివరాలు.

సమయం: ఎనిమిది నుంచి పది వారాలు. ఏ నెల అన్నది చాలా ముఖ్యం. జీపీడీపీ పని సాధారణంగా అక్టోబర్ 2 నుంచి ఊపందుకుంటుంది, శెనక్కాయ (వేరుశనగ) పీకేది కూడా అప్పుడే. అది అయ్యాక చాలా ఊర్లు సుగ్గికి, అంటే సీజన్ కూలి పనులకు, గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీతకు పోతాయి. డిసెంబర్‌లో సర్వే మొదలుపెడితే ఎవరి గురించి ప్లాన్ వేస్తున్నామో వాళ్లే ఊర్లో ఉండరు. ఇళ్ల సర్వే సెప్టెంబర్ లోపల ముగించండి. అది కుదరకపోతే ఉగాదికో పీర్ల పండక్కో అందరూ ఊరికి వచ్చినప్పుడు పెట్టుకోండి. బెంగళూరులో ఉన్నవాళ్లు కూడా పీర్ల పండక్కి దిగుతారు, ఆ నాలుగు రోజులు చాలా విలువైనవి.

1. పాత ప్లాన్ బయటికి తీయండి

పంచాయతీల ప్లాన్లు ఉండే ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే ప్రభుత్వ సైట్‌లో మీ జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆమోదం పొందిన ప్లాన్ ఎవరికైనా కనిపిస్తుంది, లాగిన్ అక్కర్లేదు. 'మేరీ పంచాయత్' యాప్‌లో కూడా చూడవచ్చు. ప్రింట్ తీసి, ఒక్కో పని పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: అయింది, సగంలో ఉంది, కనబడలేదు. కాగితం పట్టుకుని స్పాట్‌కు పోయి చూశాకే గుర్తు పెట్టాలి.

హెచ్చరిక: ఇక్కడ గొడవ మొదలుపెట్టొద్దు. "డబ్బు ఎవరు తిన్నారు" అనే మాట ఇప్పుడు వస్తే మీ ప్లాన్ ఆ రోజే ఆగిపోతుంది, కార్యదర్శి మళ్లీ మీకు ఒక్క కాగితం కూడా ఇవ్వడు. ఒక ఊర్లో మా వాళ్లు మొదటి రోజే గొంతు పెంచారు, రెండు నెలలు పోయాయి. ముందు రాసుకోండి. గ్రామసభలో అడగడానికి చోటు ఉంది.

2. టీం కట్టండి

సర్పంచ్, కార్యదర్శి ఎలాగూ ఉంటారు. వాళ్లతో పాటు గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరు పొదుపు సంఘం లీడర్లు, ఉపాధి పనుల ఫీల్డ్ అసిస్టెంట్, సచివాలయంలో వ్యవసాయం చూసేవాళ్లు, ఒక కౌలు రైతు, గొర్రెలు కాసే ఒకాయన, ఎస్సీ కాలనీ నుంచి కనీసం ఇద్దరు, సుగ్గికి పోయొచ్చే ఒక కుటుంబం, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు (ఒక అమ్మాయి తప్పకుండా), ఊర్లో చిల్లర అంగడి నడిపేవాళ్లు.

ఎక్కువ మంది మర్చిపోయేది గొర్రెల కాపరిని, అంగడాయనను. ఏ వంకలో నీళ్లు ఎన్ని రోజులు నిలుస్తాయో కాపరికి తెలిసినంత ఇంజినీర్‌కు తెలియదు. ఊరి డబ్బు ఏ వస్తువు మీద బయటికి పోతోందో అంగడాయనకు తెలిసినంత బ్యాంకు మేనేజర్‌కు తెలియదు.

సర్పంచ్ పదవీకాలం ముగిసి స్పెషల్ ఆఫీసర్ ఉన్నా ఈ పని ఆగక్కర్లేదు. ఆయనకు ఒక లెటర్ ఇచ్చి మొదలుపెట్టండి.

3. ఊరి పటం, నేల మీద

రచ్చకట్ట ముందు నేల ఊడ్చి, ముగ్గుపిండితో ఊరిని గీయండి. చెరువు, కుంటలు, వంకలు, బోర్లు, ఎండిపోయిన బోర్లు (వీటికి వేరే రంగు), బీడు భూములు, గుట్టలు, తాళం పడిన ఇళ్లు. గీశాక ఫోటో తీసి ఛార్టు మీదకు ఎక్కించండి.

పిండి చేతిలో ఉన్నవాడే పటం గీస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు తలూపుతారు. అందుకే ఇది రెండుసార్లు చేయాలి: ఒకసారి మగవాళ్లు, ఇంకోసారి ఆడవాళ్లు విడిగా. మేము చేసినప్పుడు మగవాళ్ల పటంలో బోర్లు, రోడ్లు, పొలాలే నిండాయి. ఆడవాళ్ల పటంలో రేషన్ అంగడి, బస్సు ఆగే చోటు, తాగునీటి కుళాయిలో నీళ్లు సరిగా రాని వీధి వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు ఊరు కనబడుతుంది.

మరుసటి రోజు పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఊరి ఎత్తైన గుట్ట నుంచి దిగువన చెరువు దాకా నడవండి. పటంలో రాసినవి ఉన్నాయో లేవో అక్కడే తేలిపోతుంది.

4. ఊరి ఖాతా రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది వదిలేసేది కూడా ఇదే.

ఒక నోటుబుక్కులో మూడు కాలమ్‌లు గీయండి: ఊర్లోకి వచ్చే డబ్బు, ఊరి నుంచి పోయే డబ్బు, ఊర్లోనే చేతులు మారే డబ్బు. దీనికి ఊరంతా తిరగక్కర్లేదు, నలభై ఇళ్లు చాలు. ప్రతి వీధిలో ఐదో ఇల్లు చొప్పున తీసుకోండి. తెలిసిన ఇళ్లకు మాత్రమే పోతే మీ లెక్క మీ కులం లెక్కే అవుతుంది, ఊరి లెక్క కాదు.

"నీ ఆదాయం ఎంత?" అని అడగొద్దు. ఎవరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన పని కూడా లేదు. పింఛన్ పోతుందేమో, కార్డు పోతుందేమో అని భయం. "ఏం రాసుకుంటావప్పా, మా కార్డు తీసేస్తారా?" అని ఒక పెద్దమ్మ నన్నే అడిగింది. ఇలా అడగండి: పోయిన నెల అంగట్లో ఏమేం కొన్నారు? నూనె ఎన్ని ప్యాకెట్లు? పోయిన పంటకు విత్తనం, మందులు, ఎరువు ఎక్కడ తెచ్చారు? కాయలు ఎక్కడ అమ్మారు, తూకంలో ఎంత తీశారు? ఆస్పత్రికి ఏ ఊరు పోయారు? వడ్డీ ఎవరికి కడుతున్నారు?

ఈ ప్రశ్నలతో బయటికొచ్చే విషయాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. శెనక్కాయ పండించే ఊర్లో నూనె ప్యాకెట్టు అంగట్లో కొంటాం. కాయలు బస్తాల్లో మండీకి పోతాయి, నూనె తీశాక మిగిలే చెక్క ఎక్కడో పశువుల దాణా అవుతుంది, మనం మళ్లీ దాణా కొంటాం. చీనీ (బత్తాయి) తోట ఉన్నాయన టన్నుకు 'సూట్' పేరుతో కొన్ని కాయలు ఉచితంగా వదులుకుంటాడు. ఆ సూట్‌ను ఊర్లో ఉన్న తోటలన్నిటికీ కలిపి లెక్క వేసి రాయండి. ఒక్కో రైతుకు చిన్నగా కనిపించేది ఊరి మొత్తానికి ఎంత అవుతుందో ఆ అంకె చూశాక ఎవరూ ఊరికే కూర్చోలేరు.

ఇప్పుడు పోయే కాలమ్‌లో పెద్దవి ఐదు గుర్తించి ఒక్కోదాని పక్కన రాయండి: దీన్ని మనం ఊర్లోనే చేయగలమా? పక్క ఊర్లతో కలిస్తే చేయగలమా? ఇప్పట్లో కుదరదా?

నూనె గానుగ అనుకుందాం. ఆహార శుద్ధి చిన్న యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. కానీ సబ్సిడీ చూసి మిషన్ కొనొద్దు. ముందు లెక్క: మన ఊర్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె వాడతారు, గానుగ ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతుంది, గానుగ నూనె ధర ప్యాకెట్టు కంటే ఎక్కువైనా కొంటామని ఎన్ని ఇళ్లు చెబుతున్నాయి. ఏడాదికి అరవై రోజులే తిరిగే మిషన్ అప్పు తీర్చదు. అలాంటప్పుడు పక్క నాలుగు ఊర్లతో కలిసి ఒకటి పెట్టుకోండి.

పక్క ఊర్లతో కలవాలనేది చాలా వాటికి వర్తిస్తుంది. కేంద్రం పెట్టిన ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) పథకంలో మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు ఉండాలి, ఒక చిన్న పల్లెతో అది కాదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి రైలు ముంబై రేవుకు పోయింది, అదే ఏడాది సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు పోయింది. ఒక్కడి తోటతో రైలు నిండదు కదా. చెన్నేకొత్తపల్లి వైపు వెళ్తే తింబక్తు అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఏళ్లుగా నడుపుతున్న రైతుల సహకార సంఘం ధరణి ఉంది. చిరుధాన్యాలు, వేరుశనగ రైతుల దగ్గర కొని, శుద్ధి చేసి అమ్ముతారు. మీ టీంలో నలుగురు ఒక రోజు పోయి చూసి రండి, పది మీటింగుల కంటే అది మేలు.

5. నీళ్ల బడ్జెట్

మన జిల్లా సగటు వర్షం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటర్ వాన పడితే దాదాపు 4,000 లీటర్లు. అంటే సగటు ఏడాదిలో ఎకరాకు 22 లక్షల లీటర్లు. ఊరి విస్తీర్ణం 3,000 ఎకరాలు అనుకుంటే 660 కోట్ల లీటర్లు. చూడ్డానికి చాలా ఎక్కువ. కానీ మన గట్టి రాతి నేలల్లో భూమి లోపలికి ఇంకేది పదో వంతుకు మించదనే అనుకుని లెక్క వేయండి. అంటే 66 కోట్ల లీటర్లు.

ఇందులో ముందు తాగునీరు తీసేయండి. మనిషికి రోజుకు 55 లీటర్లు చొప్పున రెండు వేల మందికి ఏడాదికి నాలుగు కోట్లు. మిగిలింది 62 కోట్లు. పశువులు, గొర్రెలు కూడా తాగాలి, వాటిది మీరు తీసేయండి. ఇక బోరు కింద వరికి ఎకరాకు 48 లక్షల లీటర్లు, వేరుశనగకు 20 లక్షల లీటర్లు పడతాయనుకుంటే, ఆ 62 కోట్లతో పండేది 130 ఎకరాల వరి, లేదంటే 310 ఎకరాల వేరుశనగ. ఇప్పుడు మీ ఊర్లో బోర్ల కింద వాస్తవంగా ఎన్ని ఎకరాల్లో ఏ పంట ఉందో పక్కన రాయండి. తేడా ఎంతుంటే అంత నీళ్లు మన పిల్లల ఖాతాలోంచి తీస్తున్నట్టే.

2000 దశకంలో అనంతపురం, కర్నూలు, కడప సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే ఇలా పంట నీటి లెక్కలు వేసుకున్న ప్రాజెక్టు నడిచింది. మీ ఊర్లో అప్పుడు బోర్లు కొలిచిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన్ను ముందు కూర్చోబెట్టండి.

సరి చూసుకోవడం ఎలా: ఊర్లో మూడు వైపులా మూడు బోర్లు లేదా బావులు ఎంచుకుని, మే చివర ఒకసారి, నవంబర్‌లో ఒకసారి తాడుతో నీటి మట్టం కొలిచి గోడ మీద తేదీతో రాయండి. మోటార్ ఆపిన వెంటనే కొలవొద్దు, పొద్దున్నే మోటార్ వేయకముందే కొలవాలి.

6. "ఇట్లయితే" మీటింగ్

పదేళ్లలో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. కానీ ఏమేం జరగవచ్చో నాలుగైదు రాసుకోవచ్చు. ఒక సాయంత్రం కూర్చుని ఒక్కోదానికి రెండే ప్రశ్నలు వేసుకోండి: ముందు దెబ్బ తినేదెవరు? దానికి ఇప్పుడే ఏం చేసి పెట్టుకోవాలి?

వరుసగా రెండేళ్లు వాన పోతే? గడ్డి నిల్వ, తాగునీటి బోరు, అప్పు గడువు.

హంద్రీ-నీవా కాలువ నీళ్లు మన చెరువుకు వస్తే? ఇది సంతోషమే, కానీ నీళ్లు రాగానే అందరూ వరి వేస్తే చివరి మడికి అందవు. తూము కింద ఎవరికి ఎన్ని తడులు అన్న ఒప్పందం నీళ్లు రాకముందే రాసుకోవాలి, వచ్చాక కుదరదు.

కంపెనీయో సోలారో వస్తే? ఇది ఉత్తి ఊహ కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. కర్నూలు వైపు గని, శకునాల అనే ఊర్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పారిశ్రామిక నగరాల జాబితాలో కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి రెండూ ఉన్నాయి. భూమి లీజుకు పోతే పట్టాదారుకు డబ్బు వస్తుంది, కౌలు రైతుకు, గొర్రెల కాపరికి ఏమీ రాదు. అందుకే గొర్రెల దారి, వంక, కుంట ఏ ఒప్పందంలోనూ మూసేయకూడదని గ్రామసభ తీర్మానం ముందే ఉండాలి. ఉద్యోగాలు కావాలంటే పిల్లలు ఏ ఐటీఐ ట్రేడ్ చదవాలో ఇప్పుడే కనుక్కోండి, గేటు ముందు ధర్నా చేసే రోజున కాదు.

హెచ్చరిక: పుకారు మీద ప్లాన్ వేయొద్దు. నోటిఫికేషన్ లేదా జీవో కంటితో చూసేదాకా అది "ఇట్లయితే" జాబితాలోనే ఉండాలి. కంపెనీ వస్తుందన్న మాట విని అప్పు చేసి షెడ్లు కట్టినవాళ్లను నాకు తెలుసు.

టమోటా, ఉల్లి ధర పడిపోతే? ఒక ఊరంతా ఒకే పంట, ఒకే నెలలో కోతకు రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న మొదటి మందు.

7. పనులు ఎంచండి

ఇప్పటికి ముప్పై నలభై పనులు వచ్చి ఉంటాయి. వాటిని డబ్బు ఎక్కడిదో చూసి విడదీయండి. డబ్బు అక్కర్లేనివి (తూము ఒప్పందం, కలిసి అమ్మడం), పంచాయతీ డబ్బుతో అయ్యేవి, ఉపాధి పనులతో అయ్యేవి (పంట కుంటలు, చెరువు పూడిక, గట్లు), పొదుపు సంఘాలు, బ్యాంకుతో అయ్యేవి, పై శాఖలు చేయాల్సినవి. పొదుపు సంఘాల వాళ్లు ఏటా వేసే పేదరిక నిర్మూలన ప్రణాళిక కూడా జీపీడీపీలో కలవాలి, అది పక్కన పడిపోకుండా చూడండి.

పంచాయతీ డబ్బులో అంతా మన ఇష్టం కాదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేశారు, మిగతా 40 శాతం ఊరి అవసరానికి, అదీ జీతాలకు వాడకూడదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం, కొత్త నిష్పత్తి కార్యదర్శి దగ్గర రాయించుకోండి. ఉపాధి పనుల నిబంధనలు కూడా ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడిగి తాజావి తీసుకోండి.

తర్వాత చింతపిక్కలు. ఒక్కొక్కరికి ఐదు పిక్కలు ఇచ్చి, నేల మీద పరిచిన పనుల బొమ్మల మీద వేయమనండి. చేతులెత్తమంటే పెద్దమనిషి చేయి ఎటు లేస్తే అందరివీ అటే లేస్తాయి. మొదటి ఏడాదికి ఐదు పనులే పెట్టుకోండి. ఇరవై పెడితే ఒక్కటీ కాదు.

8. గ్రామసభలో పెట్టించండి

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. రెడీగా పోయిన ఊర్లు పనులు రాయించుకున్నాయి, ఊరికే పోయిన ఊర్లు ఉపన్యాసం విని వచ్చాయి. మీరు ఛార్టులు గోడకు తగిలించి, పది నిమిషాల్లో చెప్పండి. చెప్పేది చదువుకునే అమ్మాయైతే ఇంకా మంచిది.

తీర్మానంలో "చెరువు అభివృద్ధి" అని రాస్తే పనికిరాదు. ఏ చెరువు, ఏ సర్వే నంబరు, ఏం పని, ఎంత పొడవు, ఏ పథకం కింద, ఏ ఏడాది, అన్నీ రాయాలి. మినిట్స్ పుస్తకంలో రాశాక పైకి చదివించండి, ఆ తర్వాతే సంతకాలు. ఆ పేజీ ఫోటో తీసుకోండి. నెల తర్వాత ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరిచి మీ ఐదు పనులు అదే పేరుతో ఎక్కాయో లేదో చూడండి. లేకపోతే ఆ ఫోటోతో ఎంపీడీఓ దగ్గరికి పోండి.

9. మూడు నెలలకోసారి చూసుకోండి

సచివాలయం గోడ మీద ఒక బోర్డు పెట్టి నాలుగు అంకెలు రాయండి: మూడు బోర్ల మట్టం, ఈ ఏడాది సుగ్గికి పోయిన ఇళ్లు, కలిసి అమ్మిన సరుకు ఎన్ని క్వింటాళ్లు, ఐదు పనుల్లో ఎన్ని అయ్యాయి. ఖర్చయిన లక్షలు రాయొద్దు, డబ్బు ఖర్చవడం వేరు, పని అవడం వేరు. సుగ్గికి పోయిన ఇళ్లు ఒక ఏడాది పెరిగితే కంగారు పడొద్దు, అది వాన వల్లనా పని దొరక్క వల్లనా అని ఆ ఇళ్లకే పోయి అడగండి. వేసవిలో ఎప్పుడు తిరిగొస్తారో తెలుసుకుని, ఊరి ఖాతా రెండోసారి రాసే తేదీ ఆ వారంలోనే పెట్టుకోండి, అవే నలభై ఇళ్లకు.